నేను చెప్పిన తమిళ సినిమా

నాకు తమిళం వచ్చని నేను ఎవరికీ చెప్పలేదు. మా క్వార్టర్ల వరసలో ఆడవాళ్లే ఆ మాట పుట్టించారు. తిరుప్పూర్‌లో ఆరేళ్లు ఉండి వచ్చిన మనిషికి తమిళం రాకుండా ఎట్లా ఉంటుందని వాళ్ల లెక్క. పెళ్లయిన కొత్తలో నేనూ మా ఆయనా బతుకుదెరువుకు అక్కడికి పోయిన మాట నిజమే. ఆయన బనియన్ల కంపెనీలో మిషన్ మీద కుట్టేవాడు. నేను అదే కంపెనీలో, కుట్టి వచ్చిన బనియన్లకు వేలాడే దారాలు కత్తిరించి, చిల్లులున్నవి ఏరి పక్కన పడేసే పని చేసేదాన్ని. నాకు అబ్బిన తమిళమంతా కూరగాయల బండి దగ్గరా, నల్లా దగ్గరా అబ్బిందే. టమాటాలు బేరం చేయగలను. బిందెల వరసలో మధ్యలో దూరిన ఆమెను వెనక్కి పంపగలను. సూపర్‌వైజర్ తిడితే దేని గురించి తిడుతున్నాడో తెలిసేది గాని, ఏమని తిడుతున్నాడో తెలిసేది కాదు. అంతకుమించి రాదు.

మేము శ్రీరాంపూర్‌కు తిరిగి రావడానికి కారణం మా నాన్న, బాపు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగిన మనిషి, ఊపిరి సరిగా ఆడక అన్‌ఫిట్ అయ్యాడు. నాకు అన్నదమ్ములు లేరు. కంపెనీ లెక్కన ఆయన ఉద్యోగం అల్లుడికి రావాలి. ఆ కాగితం ఎక్కడో ఒక టేబుల్ మీద ఆగిపోతే, మా బాయి మీద యూనియన్ పని చూసే పిట్ సెక్రటరీ దాని వెంట పడి తిరిగాడు. ఎనిమిది నెలలు తిరిగాడు. మా చేతి చాయ్ కూడా ఎన్నడూ తాగలేదు. మా ఆయన మొదటిసారి తలకు టోపీ పెట్టుకొని డ్యూటీకి పోయిన రోజు, బాపు ఆ పిట్ సెక్రటరీ ఇంటికి పోయి, గుమ్మంలో నిలబడి దండం పెట్టి వచ్చాడు. ఇదంతా ముందు చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. చెప్పినా, నాకే పూర్తిగా అర్థమైందని అనలేను.

మా కాలనీలో ఒక కమ్యూనిటీ హాలు ఉంది. నెలకో ఆదివారం మధ్యాహ్నం అక్కడ తెర కట్టి సినిమా వేస్తారు. ఆఫీసర్ల ఇండ్ల ఆడవాళ్ల కమిటీ ఆ పని చూస్తుంది. ఆ ఏడాది కమిటీకి పెద్దగా వచ్చిన మేడం మధురై ఆమె. తెలుగు బాగానే మాట్లాడేది గాని, ప్రతి మాటనూ చివర కొంచెం లాగి వదిలేది. ఎప్పుడూ ఒకే తీరు సినిమాలు వేస్తున్నారనీ, ఈసారి తమ దిక్కు సినిమా ఒకటి చూపిస్తాననీ ఆమె అన్నది. రాజకీయాల మీద ఎగతాళి సినిమా, మొదటి నుంచి చివరిదాకా నవ్వేనని చెప్పింది. అందరూ సరే అన్నారు. కింద తెలుగు అక్షరాలు పడవు, ఇంగ్లీషు కూడా పడదు అన్న సంగతి ఆదివారం పొద్దున బయటపడింది.

నేను పప్పు తాలింపు వేస్తుంటే పక్క క్వార్టర్ ఆమె తలుపు దగ్గరికొచ్చింది.

"అక్కా, మేడం నిన్ను తీస్కరమ్మంది. నువ్వు మైకు పట్టుకొని సిన్మ చెప్పాల్నట."

"నేనా? నేనేం చెప్త?"

"వాళ్లేమంటున్నరో చెప్పు. నీకు తమిళం ఒచ్చు గద."

మా ఆయన మంచం మీద కూర్చొని షేవింగ్ చేసుకుంటున్నాడు. అద్దంలోంచే నా మొహం చూశాడు.

"నీకు తమిళం ఒస్తదా?"

"నీకు తెల్వదా? ఆరేండ్లు పక్కనే ఉంటివి."

"నువ్వు నల్ల కాడ ఒర్లుడు ఇన్న గని, సిన్మ చెప్పుడు ఎన్నడు ఇనలే," అని మళ్లీ గడ్డం మీదికి పోయాడు.

రానని చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ ఆలోచిస్తాను. మేడం పిలిచిందన్న సంబరమో, ఆరేళ్లు పోయి ఏం తెచ్చుకున్నావని ఎవరైనా అడిగితే చూపించడానికి నాకు ఆ తమిళం ఒక్కటే ఉందనో, ఏమో.

హాలు ఎన్నడూ లేనంత నిండింది. పది రోజుల్లో గుర్తింపు సంఘం ఎన్నికలు. కంపెనీతో కార్మికుల తరఫున ఏ యూనియన్ మాట్లాడాలో తేల్చే ఓట్లు అవి. అందుకని జనం ఎక్కడ ఉంటే నాయకులు అక్కడ ఉన్నారు. ముందు వరస ప్లాస్టిక్ కుర్చీల్లో మా పిట్ సెక్రటరీ, ఆయనకు రెండు కుర్చీల అవతల ఎదురు యూనియన్ ఆయన, ఇద్దరి మధ్యలో మేడం కూర్చున్నారు. బాపు వెనక, కిటికీ దగ్గర గాలి తగిలే చోట కూర్చున్నాడు. నన్ను తెర పక్కన ఒక స్టూలు మీద కూర్చోబెట్టి చేతికి మైకు ఇచ్చారు.

మొదలు బాగానే నడిచింది. సినిమాలో హీరో ఒక చిన్న టౌను బస్టాండులో మైకు అనౌన్సర్. ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం అతని పని. సగం బస్సులు రావు. రాని బస్సుకు కూడా అదే గొంతుతో, అంతే మర్యాదగా చెబుతాడు. ఆ బస్టాండు తమిళం నాకు తెలిసిందే. నేను చెబుతుంటే జనం నవ్వారు. తర్వాత ఒక పార్టీ వాళ్లు అతని ఇంటికొస్తారు. ఎదురు పార్టీ నాయకుడి పేరూ ఇతని పేరూ ఒకటే. ఇతన్ని కూడా నిలబెడితే జనం తికమకపడి ఓట్లు చీలుతాయని వాళ్ల ఉపాయం. నువ్వు నామినేషన్ వేసి గమ్మున ఉండు, నోరు తెరిచావంటే చెడుతుంది అంటారు. అతను నోరు తెరవడు. తెరవకపోయేసరికి, వీడెవడో మాటల మనిషి కాదు, పని చేసే మనిషి అని ఊరంతా అతని చుట్టూ చేరుతుంది.

ఇంతవరకు నాకు అర్థమైంది. నాకే ఆశ్చర్యమేసింది. గొంతు కొద్దిగా పెంచాను కూడా.

అప్పుడు తెర మీదికి ఒక ముసలి నాయకుడు వచ్చాడు. తెల్లబట్టలు, భుజం మీద కండువా. స్టేజీకి ఎడమ పక్క బిందెలు పట్టుకొని ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు. ఆయన చెయ్యెత్తి ఉపన్యాసం మొదలుపెట్టాడు. అది నేను నల్లా దగ్గర విన్న తమిళం కాదు. టీవీలో వార్తలు చదివేవాళ్ల తమిళం. ఒక్కో మాట గుడి మెట్టంత ఉంది. నాకు అందులో తల్లీ అన్నది తెలిసింది, రేపు అన్నది తెలిసింది, 'తణ్ణి' అన్నది తెలిసింది. తణ్ణి అంటే నీళ్లు. ఆ మాట ఆయన అన్నప్పుడల్లా తెర మీద ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లకంటే మగవాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. నీళ్లకు మగవాళ్లు అంత ఎగరడమేమిటో నాకు అంతు చిక్కలేదు. ముందు వరసలో మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వుతోంది. మిగతా హాలంతా తెర వైపు కాదు, నా వైపు చూస్తోంది.

"ఏమంటున్నడక్కా?" అని ఎవరో అరిచారు.

మైకు నోటి దగ్గరే ఉంది. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఏమంటున్నడంటే... అమ్మలారా, మీరు నీళ్లు కావాలన్నరు, నేను ట్యాంకర్ తెచ్చిన. ట్యాంకర్ కాడ నిలవడి ఫొటో గూడ దిగిన. ట్యాంకర్ మంచిగున్నదా లేదా? దాంట్ల నీళ్లుండాల్నని మీరు ముందుగాల చెప్పలేదాయె."

హాలు పేలిపోయింది. కుర్చీలు వెనక్కి పడ్డాయి. ఆ నవ్వు ఎందుకో నాకు ఒక నిమిషం తర్వాత గాని తట్టలేదు. కిందటి ఎండాకాలం మా వరసలో వారం రోజులు నల్లాలు రాకపోతే పిట్ సెక్రటరీ ఒక ట్యాంకర్ తెప్పించాడు. దాని ముందర నిలబడి ఫొటో దిగాడు. ట్యాంకర్ నల్లా తిప్పితే చుక్క రాలేదు. ట్యాంకర్ వచ్చిన దారినే పోయింది. ఆ ముచ్చట కాలనీలో ప్రతి ఇంట్లో చెప్పుకున్నారు. నా నోట్లోకి అదే ఎందుకు వచ్చింది? నేను కావాలని అన్నానా? అనలేదని ఒట్టు వేయగలను. కాని నాలిక మీదికి అంత తయారుగా ఎట్లా వచ్చిందో చెప్పలేను.

పిట్ సెక్రటరీ వైపు చూశాను. ఆయనా నవ్వుతున్నాడు. అందరికంటే ముందుగా చప్పట్లు కొట్టాడు కూడా. అది చూసి నాకు భయం తగ్గాల్సింది. ఇంకా పెరిగింది.

ఇంటర్వెల్‌లో ఎదురు యూనియన్ ఆయన స్టూలు దగ్గరికొచ్చి, "మస్తు అంటిచ్చినవ్ అక్కా. జర గిట్లనే నడిపియ్యి," అన్నాడు.

"నేను ఎవల్నీ అనలే అన్నా. సిన్మల ఉన్నదే చెప్పిన."

"గదే గద," అని కన్ను గీటి పోయాడు.

కిటికీ దగ్గర బాపు లేచి నిలబడి ఉన్నాడు. దూరం నుంచే నా వైపు చెయ్యి అడ్డంగా ఊపాడు. వద్దనో, చాలుననో, సిగ్గులేదా అనో. నాకు అర్థమైంది ఒక్కటే, సరిదిద్దాలి. రెండో సగంలో ముసలి నాయకుడు వచ్చినప్పుడల్లా మంచిగా చెబుదామని నిశ్చయించుకున్నాను. అప్పటికే సినిమా వేగం పెరిగి, పట్టుమని పది మాటలు కూడా అందడం లేదు. కాబట్టి సొంతంగానే చెప్పాను. "ఈయన శానా మంచి మనిషి," అన్నాను. జనం నవ్వారు. "పేదోళ్ల కోసం రాత్రీ పగలు తిరుగుతడు, ఎవల కాడ చాయ్ గూడ తాగడు," అన్నాను. అది మా పిట్ సెక్రటరీని తలుచుకొని, గుండెలోంచి అన్న మాట. నమ్మండి. హాలంతా పొట్టలు పట్టుకొని నవ్వింది. ఎంత మంచి చెబితే అంత నవ్వారు. మంచి మాటను మంచి మాటగా వినిపించడం ఎట్లాగో నాకు తెలియలేదు. గొంతు మార్చి చూశాను. మెల్లగా చెప్పి చూశాను. మెల్లగా చెబితే ఇంకా నవ్వు.

చివరికి బస్టాండు మనిషి గెలుస్తాడు. పెద్ద సభలో అతన్ని మాట్లాడమంటారు. నామినేషన్ వేసినప్పటి నుంచి నోరు తెరవని మనిషి మైకు ముందుకు వస్తాడు. ఒకే ఒక్క వాక్యం అంటాడు. తెర నల్లబడిపోతుంది. మేడం వైపు చూస్తే ఆమె ఏడుస్తోంది. ఇంతసేపు నవ్వి నవ్వి ఇప్పుడు నిజంగా ఏడుస్తోంది. నాకు ఆ వాక్యంలో ఒక్క ముక్క తెలియలేదు.

"ఏమన్నడు? ఏమన్నడు?" అని హాలంతా.

ఆ రోజు మొత్తం మీద ఒక్క నిజం చెప్పాలనిపించింది. మైకులో, "నాకు తెల్వది," అన్నాను.

అది హీరో మాట అనుకున్నారు. గెలిచి సభకు పోయిన మనిషి మొదటి మాటగా నాకు తెల్వది అన్నాడనుకున్నారు. అంత నవ్వు ఆ హాలులో నేను మళ్లీ వినలేదు. ఈలలు వేశారు. లైట్లు వేసినాక కూడా నవ్వుతూనే బయటికి పోయారు. నేను మైకు ఒళ్లో పెట్టుకొని అట్లాగే కూర్చున్నాను.

హాల్లో ఎవరో ఫోన్లో రికార్డు చేశారట, సోమవారం పొద్దున్నే అది అందరి ఫోన్లలోకి ఎక్కింది. ట్యాంకర్ మాట వరకు కత్తిరించి ఎదురు యూనియన్ వాళ్లు పంపుకున్నారు. చాయ్ కూడా తాగడు అన్న ముక్కను కత్తిరించి పిట్ సెక్రటరీ మనుషులు పంపుకున్నారు. కాలనీ గేటు దగ్గర రెండు ప్రచారం ఆటోలు ఎదురెదురుగా నిలబడితే రెండింట్లోంచీ నా గొంతే వచ్చింది. నేను కూరగాయల సంచితో మధ్యలోంచి నడిచిపోయాను. కొందరు నా భుజం తట్టారు, కొందరు మొహం తిప్పుకున్నారు. భుజం తట్టినవాళ్లు ఏ పక్కవాళ్లో, తిప్పుకున్నవాళ్లు ఏ పక్కవాళ్లో నాకు అర్థం కాలేదు. మా ఆయన ఫస్ట్ షిఫ్ట్ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "బాయిల అందరు నన్ను తమిళం మొగడు అంటున్రు," అన్నాడు. కోపంగా అన్నాడా, గర్వంగా అన్నాడా అంటే, రెండూ ఉన్నట్టే ఉన్నాయి.

బాపు మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం దగ్గర అన్నాడు.

"నీ ఇంట్ల పొయ్యి మండుతుందంటె ఎవల తోటి మండుతుంది బిడ్డా?"

"నేను ఆయన్ను అనలే బాపు. నోట్లెకెల్లి అచ్చింది."

"నోట్లెకు యాడికెల్లి అచ్చింది?"

అప్పుడు నాకూ కోపం వచ్చింది. "నీ కాడికెల్లే అచ్చింది. ఖాలీ ట్యాంకర్ ముచ్చట ఈ ఇంట్ల మొదలు చెప్పింది ఎవరు? నువ్వు గాదా? చెప్పి చెప్పి నవ్వలేదా?"

బాపు అన్నంలో చెయ్యి ఆపాడు. "ఇంట్ల అంటం," అన్నాడు. "మైకుల అంటమా?"

మర్నాడు సాయంత్రం, ఎవరికీ చెప్పకుండా పిట్ సెక్రటరీ క్వార్టర్‌కు పోయాను.

ఆయన వాకిట్లో కూలర్ విప్పి, దాని తలుపులకు కొత్త గడ్డి కడుతున్నాడు. ఓట్లకు వారం కూడా లేదు, ఇంటి ముందర మనుషులు ఉంటారనుకున్నాను. ఎవరూ లేరు. ఆయన భార్య వంటింటి గుమ్మంలోంచి నన్ను చూసి లోపలికి పోయింది.

"రా చెల్లె. కూసో."

కూర్చోలేదు. "అన్నా, తప్పయింది. నేను కావాల్నని అనలే."

"ఏంది?"

"ట్యాంకర్ ముచ్చట."

ఆయన గడ్డి సర్దుతూనే అడిగాడు. "సిన్మల ట్యాంకర్ లేదా?"

నాకు ఇదే ప్రశ్న వస్తుందని దారిలో తోచలేదు. ఉందంటే అబద్ధం. లేదంటే, నేనే అన్నట్టు. "నీళ్ల ముచ్చటైతె ఉన్నది అన్నా," అన్నాను.

"ఇంకేంది మరి. ఉన్నదే చెప్పినవ్. తప్పు ఎక్కడున్నది?" అన్నాడు. నన్ను తప్పించడానికి అన్నాడా, నమ్మి అన్నాడా, ఆ మొహంలో ఏమీ కనిపించలేదు.

నేను తిరిగి రాబోతుంటే, "ఖాలీగ రాలే చెల్లె," అన్నాడు.

"ఏంది అన్నా?"

"ట్యాంకర్. ఫిల్టర్ బెడ్ కాడ నీళ్లు నిండంగ నా కండ్ల తోటి సూసిన. కింద వాల్వు లూజున్నది. తొవ్వ పొంటి కారుకుంట అచ్చింది. నేను స్కూటర్ మీద ముంగట అస్తుంటి, ఎనుక సూసుకోలే. ఫొటో దిగినంక నల్లా తిప్పితె సుక్క లేదు."

"గప్పుడే చెప్పకపోతివి?"

"చెప్తె నువ్వు నమ్ముదువా?"

నమ్మేదాన్ని కాదు. అది ఆయనకూ తెలిసింది.

"ఫికర్ చెయ్యకు," అన్నాడు. "గా నవ్వు నాకు గూడ అచ్చింది. నవ్వకుంట ఎట్లుంటర్రా మనుషులు అనిపించింది. ఇంటికచ్చినంకనే... మా ఇంటామె రెండు రోజులు వండలే." ఆ మాటతో మళ్లీ కూలర్ వైపు తిరిగాడు.

ఏడాదిగా నేను నమ్మిన సంగతి అట్లా వాకిట్లో తిరగబడింది. లేదా తిరగబడలేదేమో. ఓట్ల ముందు ఎవరైనా ఏదైనా చెబుతారు కదా అని కూడా అనిపించింది. మళ్లీ, ఓటు కోసం చెప్పే మనిషి ఒక్క ఆడమనిషికి, అదీ గనిలో ఓటు లేని ఆడమనిషికి ఎందుకు చెబుతాడు? ఆ దారి అంతా ఇదే తర్కం. మలుపు దగ్గర ఇంటికి తిరగాల్సింది పోయి మేడం బంగళా వైపు తిరిగాను. అసలు ఆ ముసలి నాయకుడు ఏమన్నాడో ఒకసారి తెలుసుకుంటే, కనీసం ఒక సంగతైనా తేలుతుందనుకున్నాను.

మేడం చాలా సంతోషించింది. నన్ను సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"ఆ నీళ్ల ఉపన్యాసం మేడం. నీళ్ల గురించి ఆయన ఏమన్నడు?"

"నీళ్లా? అది నీళ్లు కాదు కదా."

"తణ్ణి అన్నడు గద మేడం."

ఆమె గట్టిగా నవ్వింది. "తణ్ణి అంటే నీళ్లే. కానీ మగవాళ్లు మందుకు కూడా తణ్ణి అంటారు. ఆయన గెలిస్తే ఇంటింటికీ తణ్ణి ఇస్తానన్నాడు. ఆడవాళ్లు నీళ్లనుకున్నారు, మగవాళ్లు మందు అనుకున్నారు. ఇద్దరూ చప్పట్లు. ఒకే మాట, రెండు వాగ్దానాలు. అది జోక్. ఆరేళ్లు ఉన్నారు, మీకు తెలియదా?"

నా చేతి గ్లాసులో కాఫీ చల్లారిపోయింది. నీళ్ల ముచ్చటైతే ఉన్నదని గంట కింద ఒక మనిషికి చెప్పి వచ్చాను. అదొక్కటైనా నిజమనుకొని చెప్పాను.

"మీరు తెలుగులో ఏం చెప్పారు? మా ఊర్లో కూడా ఆ సీన్‌కి అంత నవ్వలేదు," అని అడిగింది మేడం. చెప్పాను. ఆమెకు ట్యాంకర్ సంగతి తెలియదు కాబట్టి నవ్వు రాలేదు. "అది సినిమాలో లేదు," అంది మెల్లగా. "కానీ ఉండొచ్చు."

చివరి వాక్యం గురించి కూడా అడిగాను. ఆమె తెలుగులో మొదలుపెట్టి ఆపింది, ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆపింది. "మా నాన్న బస్సు కండక్టర్," అంది. "తెలుగులో చెబితే ఏమీ ఉండదు. వదిలేయండి." వదిలేశాను.

ఇంటికొచ్చి మా ఆయన్ను అడిగాను. "తణ్ణి అంటె మందని నీకు తెలుసునా?"

"తెలుసు."

"మరి ఎన్నడు చెప్పలే?"

"నువ్వు అడుగలే."

తిరుప్పూర్‌లో ఆదివారాలు ఆయన దోస్తు రూములో తణ్ణి ఉందని చెప్పి పోయేవాడు. మా వీధిలో నల్లాలు రాని రోజులు. ఒకసారి నేను ఖాళీ బిందె కూడా ఇచ్చి పంపాను. వట్టి బిందెతో తిరిగొచ్చి, అయిపోయినయి అన్నాడు. అది గుర్తు చేస్తే ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతుంటే తెలిసింది, నవ్వుతున్నాడని.

ఓట్లయ్యాయి. పిట్ సెక్రటరీ యూనియన్ మా బాయి మీద ఓడిపోయింది. చుట్టుపక్కల బాయిలన్నీ కలిపిన ఏరియా మొత్తం మీద గెలిచింది. దాంతో నేను చేసింది చెడుపో, మేలో ఎవరూ తేల్చలేకపోయారు. నీవల్లే ఓడినం అని ఒకామె నల్లా దగ్గర నిష్ఠూరంగా అంది. ఆ పక్కనే ఉన్నామె, ఈమె వల్లే గెలిచిండ్రు కదా అంది. ఇద్దరూ వాదులాడుకుంటుంటే నా బిందె నిండి పొర్లింది. నాకు మాత్రం, రహస్యంగా వేసే ఓటు మీద నా ట్యాంకర్ ఎంత పని చేసిందో తెలుసుకునే దారే లేదు. ఏమీ చేయకపోయి ఉండొచ్చు. అది అనుకుంటే నెమ్మది కలగాలి. ఎందుకో కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

మా బాయి మీద ఓడినందుకు ఆయన్ను పిట్ సెక్రటరీగా తీసేశారు. యూనియన్ పని ఉన్నన్నాళ్లు పైనే తిరిగిన మనిషి, మళ్లీ అందరిలాగా దీపం కట్టుకొని లోపలికి దిగడం మొదలుపెట్టాడు. మా ఆయన షిఫ్టులోనే పడ్డాడు. ఎట్లా ఉన్నాడని అడిగితే, "మంచిగనే ఉన్నడు. మొదటి రెండు రోజులు నడుము పట్టింది," అన్నాడు మా ఆయన. లోపల టిఫిన్లు విప్పినప్పుడు ఆ సినిమా చూడని వాళ్లకు కథ చెబుతున్నాడట. మేడం చెప్పిందీ కాదు, నేను చెప్పిందీ కాదు. ఆయన చెప్పే కథలో బస్టాండు మనిషి అసలు నామినేషనే వేయడట.

బాపు ఆయన దగ్గరికి ఎప్పుడు పోయాడో, ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఒక సాయంత్రం సబ్బు కోసం షాపుకు పోతుంటే, ఆయన క్వార్టర్ ముందర అరుగు మీద ఇద్దరూ కనిపించారు. ఏదో మాట మీద పడీ పడీ నవ్వుతున్నారు. ఆయన భార్య కూడా తలుపు పట్టుకొని నిలబడి నవ్వుతోంది. నేను దగ్గరికి పోయేసరికి ముగ్గురూ ఆపేశారు.

"ఏమైంది బాపు?"

"ఏం లేదు బిడ్డా," అన్నాడు బాపు, కండ్లు తుడుచుకుంటూ. "నువ్వు పో. షాపు కట్టేస్తడు."

ఆమె లోపలి నుంచి మూడు గ్లాసుల చాయ్ తెచ్చింది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. సబ్బు కొనుక్కొని ఇంకో దారిలో ఇంటికి వచ్చాను.